ఎలుకల పంక్తిభోజనము

నీలగిరులలోని కూనూరు పరిశోధనాలయమున సర్ రాబర్టు మెక్‌కారిసన్ దొర యెలుకలకు పంక్తిభోజనము పెట్టినాడనిన పాఠకులు నవ్వవచ్చును. ఆ పంక్తిలో మన విస్తరి యెట్లుండెనో విన్నపిమ్మట నవ్వు నిలువదు. ఒకే సంతతికి చెందిన యెలుక పిల్లలను గుంపులుగా విడదీసి, యొక్కొక్క గుంపునకు ఈ దేశమున నొక్కొక్క ప్రాంతమువారు తిను తిండి పెట్టి పెంచి, ఫలితములను 1936లో లండను ఉపన్యాసములందు ఆయన వివరించినాడు. సిక్కుల తిండి, అనగా పొట్టు తీయని గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పు, ఆకుకూరలు, అప్పుడప్పుడు మాంసము తిన్నవాని సగటు దేహభారము 235 గ్రాములు. తెల్లని యన్నమే ప్రధానమైన మదరాసు తిండి తిన్నవానిది 155. తెలుగు జిల్లాలు నాడు మదరాసు రాజధానిలోనివే గనుక ఆ కడపటి విస్తరి మనది కూడను.

ఎలుక మనుష్యుడు కాదు. బరువొక్కటే బలమును కాదు. అయినను వీరజాతులనియు, వీరులు కాని జాతులనియు మనలను వేఱుచేసి సైన్యమున చేర్చుకొనుచుండిన దొరతనపు నీడలోనే యీ ప్రయోగము జరిగినదని మేము మఱువజాలము. ఎలుకలన్నిటి వంశ మొక్కటే. భేదమంతయు విస్తరిలో నుండెను.

విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతములకు ఈ పాఠము పరాయిది కాదు. ఉత్తర సర్కారులలో బెరిబెరి చిరకాలము కాపురముండెను. కాళ్ళు తిమ్మిరెక్కును, వాచును, తుదకు గుండె యలసిపోవును. అన్నములోని పిండిపదార్థము దేహమున శక్తిగా మారవలెనన్న థయామిన్ అను విటమిను కావలెను. అది లేనిచో పొయ్యినిండ కట్టెలున్నను నిప్పంటనట్లే. ఆ విటమిను బియ్యపు పైపొరలోను, మొలకలోను ఉండి తవుడుతో పోవును. మిగిలినది కడుగునీళ్ళతోను, వార్చిన గంజితోను పోవును. 100 గ్రాముల దంపుడు బియ్యమున 0.21 మిల్లీగ్రాములుండగా మరబియ్యమున 0.06 మాత్రమే. ఉప్పుడు బియ్యమునకై వడ్లు నానబెట్టి యుడికించునప్పుడు అది గింజ లోపలికి దిగును. అందుచేతనే ఆ బియ్యము తినువారికి ఈ వ్యాధి యరుదు.

మరలను మాత్రమే నిందించుట సులభము. కాని మాల్కంసన్ అను వైద్యుడు బెరిబెరిపై మదరాసులో గ్రంథము ప్రకటించినది 1835లో. నాటికి మన పల్లెలలో బియ్యపు మరలెక్కడివి? రోకటితోను బియ్యమును మల్లెపూవువలె దంచవచ్చును. తెల్లదనముపై మన మోజు మరకన్న పాతది. ఆ మోజుననే కదా, కూలివాడు త్రాగు చోడి యంబలిని చూచి ముక్కు విఱిచితిమి! 100 గ్రాముల చోళ్ళలో కాల్షియము 344 మిల్లీగ్రాములు, మరబియ్యములో 10.

కూనూరు పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యయ్యెను. 2024 నాటికి చౌకదుకాణముల బియ్యమున ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి12 కలుపు పథకము దేశమంతట వ్యాపించినది. మరలో గీకివేసిన థయామిను మాత్రము ఆ తప్పనిసరి పట్టికలో లేదు.