చిన్న కంపెనీల ఫండు... ఎన్నేళ్లు ఆగగలరు?

తెనాలిలో మాకు వరసకు వదినలయ్యే తోడికోడళ్లిద్దరున్నారు. 2008 జనవరిలో ఇద్దరూ ఒకే ఏజెంటు మాట విని, చిన్న కంపెనీల షేర్లలో పెట్టుబడి పెట్టే ఒకే మ్యూచువల్ ఫండులో చేరారు. పెద్దావిడ కూతురి పెళ్లికని దాచిన రెండు లక్షలూ ఒకేసారి పెట్టేసింది. చిన్నావిడ దగ్గర అంత లేదు. నెలకు వెయ్యి చొప్పున బ్యాంకు ఖాతాలోంచి కట్ అయ్యేలా కాగితం మీద సంతకం పెట్టింది. 2012లో పెళ్లి కుదిరింది. పెద్దావిడ డబ్బు తీయబోతే చేతికొచ్చింది లక్షా పదివేల చిల్లర. మిగతాది అప్పు తెచ్చారు.

ఈమధ్య కలిసినప్పుడు, "పేపర్లో లాభాలొచ్చిన వాళ్ల సంగతే రాస్తారు గదమ్మా, నా సంగతి కూడా రాయి" అంది. అందుకే ఆవిడతోనే మొదలుపెట్టాను.

ఇంతకీ చిన్న కంపెనీ అంటే ఏమిటి? మన వీధి చివర పిండిమర కాదు లెండి. షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీలన్నిటినీ విలువ ప్రకారం పెద్దది మొదలుకొని వరసలో నిలబెడితే, 251వ స్థానం నుంచి కిందనున్నవన్నీ చిన్న కంపెనీలేనని 2017 అక్టోబరులో సెబీ నిర్వచించింది. 'స్మాల్‌క్యాప్ ఫండు' అని పేరు పెట్టుకున్న ఫండు తన సొమ్ములో కనీసం 65 శాతం వీటిలోనే పెట్టాలి.

వీటి మీద అంత మోజు ఎందుకంటారా? చిన్న మొక్క మానవుతుందన్న ఆశ. మన కొవ్వూరులో ఫ్యాక్టరీ ఉన్న అవంతి ఫీడ్స్‌నే తీసుకోండి. రొయ్యల మేత తయారుచేసే ఈ కంపెనీని 2010 ప్రాంతంలో మార్కెట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ. తర్వాత ఏడెనిమిదేళ్లలో దాని షేరు వంద రెట్లకు పైగా పెరిగింది. అయితే అలాంటిది ఒకటుంటే, ఊరూపేరూ లేకుండా పోయినవి ఎన్నో. 1990లలో షేర్ల దరఖాస్తులకు జనం బారులు తీరిన రోజులు మీలో కొందరికి గుర్తుండే ఉంటాయి. డబ్బు వసూలు చేసుకుని ఆఫీసు బోర్డుతో సహా మాయమైన కంపెనీలు అప్పట్లో బోలెడు. ఫండులో ఆ భయం కొంత తక్కువ. పదుల సంఖ్యలో కంపెనీలుంటాయి కాబట్టి రెండు మునిగినా బుట్టంతా ఖాళీ అవదు. కానీ బుట్ట మొత్తం ఒక్కసారే కిందికి జారే రోజులుంటాయే, వాటి సంగతే పెద్దావిడ కథ.

చిన్న కంపెనీల ధరలన్నిటినీ కలిపి కొలిచేది బి.ఎస్.ఇ. స్మాల్‌క్యాప్ సూచీ. 2008 జనవరిలో అది 14 వేలు దాటింది. 2009 మార్చికల్లా మూడు వేల లోపుకు పడిపోయింది. లక్ష పెట్టినవాళ్లకు ఇరవై వేలు మిగిలాయన్నమాట! ఇరవై మళ్లీ వంద కావాలంటే అయిదింతలు పెరగాలి కదా. అందుకు 2017 దాకా పట్టింది. తొమ్మిదేళ్లు! ఆ తొమ్మిదేళ్లలో పిల్ల డిగ్రీ అవుతుంది, పెళ్లవుతుంది, పురుడూ పోస్తాం.

శాతాలు ఎంత మాయ చేస్తాయో చూడండి. 2008లో ఆ సూచీ 72 శాతం పడింది. 2009లో 127 శాతం పెరిగింది. "పోయినదానికంటే ఎక్కువే వచ్చిందిగా!" అనిపిస్తుంది. కాగితం మీద వేసి చూస్తే, వంద రూపాయలు మొదటి ఏడు 28 అయింది, రెండో ఏడు 64 అయింది. ఇంకా 36 రూపాయలు లోటే.

ఇక అసలు సంగతి. 2024 చివరికి ఆ సూచీ 55 వేల దగ్గరుంది. 2008 జనవరిలో శిఖరం మీద లక్ష పెట్టి, కదపకుండా కూర్చున్నామె డబ్బు దాదాపు 3 లక్షల 90 వేలయింది. లెక్కేస్తే ఏటా ఎనిమిదిన్నర శాతం లోపు. డివిడెండ్లు కలిపితే ఇంకాస్త. ఆ ఏడు బ్యాంకు డిపాజిట్లూ ఇంచుమించు ఆ వడ్డీయే ఇచ్చేవి! అదే 2009 మార్చిలో, అందరూ తిట్టుకుంటున్నప్పుడు, లక్ష పెట్టినామెకు పంతొమ్మిది లక్షల దాకా అయింది. ఏటా 20 శాతం. ఇద్దరి మధ్య తేడా పద్నాలుగు నెలలే. ఎవరైనా "మా ఫండు ఇన్నేళ్లలో ఏటా ఇంత ఇచ్చింది" అంటే, ఏ నెల నుంచి లెక్క మొదలెట్టారని అడగండి. 2020 మార్చిలో కరోనా భయంతో ధరలు అడుక్కి పోయాయి. అక్కణ్నుంచి లెక్కేస్తే ఏ ఫండైనా అందంగానే కనిపిస్తుంది.

చిన్న కంపెనీలు దీర్ఘకాలంలో పెద్దవాటికంటే ఎక్కువ ఇస్తాయని 1981లో రోల్ఫ్ బాంజ్ అనే ఆర్థికవేత్త అమెరికాలోని నలభై ఏళ్ల లెక్కలు తీసి చూపించాడు. ఆ మాట లోకమంతా పాకాక ఆ అదనపు లాభం పల్చబడిందని తర్వాత చాలామంది పరిశోధకులు రాశారు. కాబట్టి అదేదో రాసిపెట్టిన హక్కు కాదు.

మరి చిన్నావిడ సంగతి? ఆమెది కూరగాయల బేరం లాంటి లెక్క. యూనిట్ 14 రూపాయలున్న నెలలో వెయ్యికి 71 యూనిట్లు వస్తాయి. అదే 3 రూపాయలైతే 333 వస్తాయి. ధర పడినప్పుడు కొన్న ఆ గంపెడు యూనిట్లే తర్వాత ఆదుకున్నాయి. "ఎంత ధైర్యం వదినా నీది!" అన్నాను. "ధైర్యమా పాడా! ఆపేద్దామనే అనుకున్నా. బ్యాంకుకెళ్లి ఫారం ఇవ్వడానికి తీరిక దొరికితేగా!" అని నవ్వింది.

చేరదలచుకున్నవాళ్లకు రెండు ముక్కలు. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండాలి, అది లేకుండా ఇటు రావద్దు. ఏడెనిమిదేళ్లలోపు కావలసిన డబ్బు ఇందులో పెట్టవద్దు (నన్నడిగితే పదేళ్లంటాను). చిన్న కంపెనీల షేర్లు మార్కెట్ పడినప్పుడు కొనేవాళ్లు దొరక్క ఇరుక్కుంటాయి. అందుకే తమ దగ్గరున్న వాటిలో సగం అమ్మాలంటే ఎన్ని రోజులు పడుతుందో 2024 మార్చి నుంచి ఈ ఫండ్లు వెల్లడిస్తున్నాయి, అది చూడండి. నామినీ పేరు రాయించడం మరవకండి. అవసరం రెండు మూడేళ్లుందనగానే కొంచెం కొంచెంగా తీసి డిపాజిట్లోకి మార్చుకోండి. పెద్దావిడ చేయనిది అదే, ఆమెకెవరూ చెప్పనిదీ అదే.

ఆవిడ ఇప్పుడు మళ్లీ అలాంటి ఫండులోనే నెలకు రెండు వేలు కడుతోంది, మనవరాలి చదువు కోసం. పిల్లకు ఆరేళ్లు. "ఇంజనీరింగుకు పద్దెనిమిదో ఏట కావాలి, పదిహేనో ఏటి నుంచే తీయడం మొదలెడతా" అంటూ క్యాలెండర్ వెనక రాసుకున్న లెక్క చూపించింది. ధర ఎంతుందో మాత్రం చూడదట. పాస్‌వర్డు కోడలి దగ్గరే ఉంచింది.