కారురేకు త్రుప్పు – ఇంటివద్ద చికిత్స



గండికోట ప్రధానద్వారపు కొయ్యతలుపులకు ఇనుపరేకులు బిగించియుండుట మీలో పలువురు చూచియేయుందురు. ఎన్నో వానలకు నిలిచిన ఆ యినుమును చూపి, "మనది ఎండసీమ; త్రుప్పు మన బండ్ల నేమి చేయగలదు?" అని కొందఱు నాతో ననుచుందురు. ఈ ధైర్యము తగదు. కోటతలుపున కమర్చిన ఇనుము దళసరిది. కారు పైరేకు మందమో, ఒక మిల్లీమీటరుకంటె తక్కువ. దళసరి ఇనుమునకు పైపొర పోయినను బలముండును. పలుచని రేకునకు పైపొర పోయిన పిమ్మట మిగులున దేమి? కోట చూడవచ్చు యాత్రికులను మోయు బండియే జీవనాధారమైన కుటుంబములకు ఇది చిన్న నష్టము కాదు.

ఇనుము, నీరు, గాలిలోని ఆమ్లజని – ఈ మూడును కలిసిన త్రుప్పు పుట్టును. నీరనగా వానయే కానక్కఱలేదు. పుష్యమాసపు మంచు చాలును. ఉప్పు చేరిన పని మఱింత వడిగా సాగును. ఉప్పునీటితో కడిగిన బండికిని, ఎరువుల మూటలు మోసిన బండికిని త్రుప్పు ముందుగా పట్టుట ఇందుచేతనే. దారిలో కంకఱ తగిలి రంగు చిట్లినచోట అది ఆరంభమగును. త్రుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు కోరును గనుక, రంగు క్రింద ఉబ్బి, పొక్కులెత్తించి, మఱికొంత నీటికి దారి చేయును. త్రుప్పుమీదనే రంగు పూయుట చీము తీయక పుండునకు కట్టు కట్టుటవంటిది.

మొదట మంచినీట కడిగి ఆరనిండు. మచ్చను చాకుమొనతో నొక్కి చూడుడు. రేకు లొంగినను, చిల్లిపడినను పనివానియొద్దకే పోవలెను. బ్రేకుగొట్టముల త్రుప్పును ఇంట ముట్టరాదు. రేకు గట్టిగా నున్నచో, ముక్కునకు గుడ్డ కట్టుకొని, 80 నంబరు ఉప్పుకాగితముతో మెఱయు లోహము కనబడువఱకు రుద్దుడు. చుట్టు ఒక అంగుళము మేర మంచి రంగునుగూడ తీయవలెను. త్రుప్పు దాని క్రింద దాగి ప్రాకును. పిదప 180, 320 నంబర్ల కాగితములతో అంచులు చేతికి తగులనట్లు నునుపు చేయుడు.

గుంటలలో మిగిలిన చుక్కలకు, చేతులకు రబ్బరు తొడుగులు వేసికొని, ఫాస్ఫారికామ్లముగల ద్రావకమును సీసాపై వ్రాసిన విధమున పూయుడు. అది త్రుప్పును ఫాస్ఫేటుగా మార్చును. సుమారు 1600 ఏండ్లనాటి ఢిల్లీ ఇనుపస్తంభమును కాపాడుచున్నదియు నట్టి ఫాస్ఫేటు పొరయే యని శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

పిమ్మట నిప్పునకు దూరముగా, టిన్నరుతో తుడిచి, ఆ దినముననే ప్రైమరు పూయుడు. తెల్లవాఱువఱకు విడిచిన మంచు తగిలి త్రుప్పు మరల పుట్టును. రెండు పలుచని పూతలు, పైన రంగు, దానిపై పారదర్శకమగు వార్నీషు – ఇది క్రమము. ప్రైమరుతోనే నిలుపరాదు, అది తడిని పీల్చును. వైశాఖపు ఎండలో కాలిన రేకుపై రంగు సమముగా పఱచుకొనదు. ముసురులో తడి లోపల చిక్కును. మంచు ఆరిన ప్రొద్దున నీడపట్టున చేయుట మేలు.

ఏటేట వానలు వెళ్లినపిమ్మట తలుపుల అడుగంచులను, చక్రములపై కమానులను వ్రేలితో తడవి చూడుడు. గోరంత మచ్చకు కాగితపుముక్క చాలును. అరచేయంత చిల్లికి రేకే మార్చవలసివచ్చును.