మూడు నిమిషాల చీకటి

పాతికేళ్ళ కిందట ఆఫీసుల్లో పనిచేసినవారికి ఈ దృశ్యం గుర్తుండే ఉంటుంది. సాయంత్రం కంప్యూటర్ కట్టేశాక కూడా మానిటర్ మీద రోజూ చూసే మెనూ గీతలు లీలగా కనిపించేవి. గుడ్డ పెట్టి తుడిచినా పోయేవి కావు. అవి అద్దం మీది మరకలు కావు, అద్దం లోపలి పూతకు తగిలిన దెబ్బలు.

పిక్చర్ ట్యూబు మెడలో, వేడెక్కిన లోహం నుంచి ఎలక్ట్రాన్లు ధారగా వెలువడి తెరను తాకుతాయి. తెర లోపలి వైపున పూసిన ఫాస్ఫర్ అనే పదార్థం ఆ తాకిడికి వెలుగుతుంది. (పేరు విని భాస్వరం అనుకోవద్దు, రెండూ వేర్వేరు.) సెకనుకు 60 సార్లో అంతకన్నా ఎక్కువో ఈ ధార తెరంతా గీసుకుంటూ వస్తుంది. ఒకే అక్షరం ఒకేచోట నెలల తరబడి నిలబడితే అక్కడి ఫాస్ఫర్ మాత్రమే అరిగిపోయి, వెలిగే శక్తిని కోల్పోతుంది. తెర మీద అక్షరాల నీడ శాశ్వతంగా మిగిలిపోయేది ఇందుకే.

1979లో వచ్చిన అటారీ 400, 800 యంత్రాలకు ఈ సంగతి తెలుసు. తొమ్మిది నిమిషాల పాటు ఎవరూ మీట తాకకపోతే అవి తెర రంగులను మారుస్తూ పోయేవి. ఐబీఎం పీసీకి మాత్రం అలాంటి ఏర్పాటు లేదు. ఆ లోటు తీర్చినవాడు జాన్ సోచా, తర్వాత నార్టన్ కమాండర్ రాసిన ప్రోగ్రామర్. 1983 డిసెంబరులో ఒక పత్రికలో ఆయన చిన్న ప్రోగ్రాం ప్రచురించాడు. ఫైలు పేరులో ఎనిమిది అక్షరాలకు మించి పట్టని రోజులవి. అందుకే ‘స్క్రీన్’ లోంచి అచ్చులు తీసేసి ‘స్క్రన్‌సేవ్’ అని పేరు పెట్టాడు.

అది చేసే పని ఒక్కటే. మీట నొక్కినప్పుడల్లా లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. మూడు నిమిషాలు ఏ మీటా కదలకపోతే తెర నల్లబడుతుంది. ఆ మూడును అయిదు చేసుకోవాలంటే ప్రోగ్రాంనే మార్చి మళ్ళీ కంపైల్ చేయాలి. అదే ఏడాది వచ్చిన ఆపిల్ లీసాలో ఆ గడువును వాడేవాళ్ళే నిర్ణయించుకునే వీలుండేది. నేటికీ విండోస్ స్క్రీన్‌సేవర్ సెట్టింగుల్లో ‘వెయిట్’ అన్న మాట పక్కన నిమిషాల గడి ఉంటుంది. బొమ్మల కన్నా ఆ గడే ముఖ్యమని నా అభిప్రాయం.

నల్లతెరతో ఒక చిక్కుంది. యంత్రం పనిచేస్తోందో ఆగిపోయిందో చూసేవాడికి తెలియదు. కదిలే బొమ్మయితే రెండూ తీరతాయి: ఏ చుక్కా ఒకేచోట నిలవదు, యంత్రం బతికే ఉందని తెలుస్తుంది. 1989లో బర్క్‌లీ సిస్టమ్స్ మెకింటోష్ కోసం తెచ్చిన ‘ఆఫ్టర్ డార్క్’ తో ఇది కళగా మారింది. రెక్కలు కట్టుకుని ఎగిరే బ్రెడ్ టోస్టర్లు ప్రపంచమంతా తిరిగాయి. విండోస్‌లో నక్షత్రాలు మీదికి దూసుకొచ్చేవి, గొట్టాలు మెలికలు తిరుగుతూ అల్లుకునేవి. మన ఊళ్ళలో డీటీపీ సెంటర్లలో, ఇంటర్నెట్ సెంటర్లలో తెర మీద అక్షరాలు పాకించే స్క్రీన్‌సేవర్‌కే గిరాకీ. ఒకచోట దేవుడి పేరు, ఇంకోచోట షాపు పేరు కుడి నుంచి ఎడమకు సాగిపోతుండేవి.

స్క్రీన్‌సేవర్ చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది 1999 మే 17న మొదలైన ‘సెటీ ఎట్ హోమ్’. ప్యూర్టోరికోలోని అరెసిబో రేడియో టెలిస్కోపు ఆకాశం నుంచి పట్టిన సంకేతాలను బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం చిన్న ముక్కలుగా చేసి ఇంటింటి కంప్యూటర్లకు పంపింది. మనిషి కాఫీకి లేవగానే యంత్రం ఆ ముక్కను జల్లెడ పట్టేది, ఇతర లోకాల బుద్ధిజీవులు పంపిన సంకేతం ఏదైనా ఉందేమోనని. తెర మీద రంగురంగుల గ్రాఫు కదిలేది. యాభై లక్షల మందికి పైగా తమ యంత్రాల ఖాళీ సమయాన్ని దీనికి ఇచ్చారు. 2020 మార్చి 31 తర్వాత కొత్త ముక్కలు పంపడం ఆపేశారు. గ్రహాంతరవాసుల జాడ దొరకలేదు. కానీ వృథాగా పోయే నిమిషాలను పోగుచేస్తే సూపర్ కంప్యూటర్ అంత బలం వస్తుందని రుజువైంది.

ఈలోగా పిక్చర్ ట్యూబు పోయింది. ఎల్‌సీడీ తెరలో ఫాస్ఫర్‌ను కొట్టే ధార లేదు, వెనుక దీపం వెలుగును ద్రవస్ఫటికాలు ఆపుతాయి లేదా వదులుతాయి. ఎగిరే బొమ్మ పెట్టినా ఆ దీపం వెలుగుతూనే ఉంటుంది, కరెంటు కాలుతూనే ఉంటుంది. ఓఎల్‌ఈడీ తెరల్లో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది కాబట్టి పాత అరుగుదల మళ్ళీ వచ్చింది. దానికి కూడా సోచా చీకటే మంచి మందు.

అయితే స్క్రీన్‌సేవర్ వదిలివెళ్ళిన ఆస్తి ఒకటుంది: తాళం. మీరు లేచి వెళ్ళారని యంత్రం గుర్తించిన క్షణమే తలుపు వేసుకోవడం. విండోస్‌లో పర్సనలైజేషన్, లాక్ స్క్రీన్ దారిలో స్క్రీన్‌సేవర్ పెట్టె తెరవండి. వెయిట్ గడిలో అయిదు నిమిషాలు పెట్టండి. తిరిగి వచ్చినప్పుడు లాగాన్ తెర చూపించమనే గడిలో టిక్కు పెట్టండి. బొమ్మల జాబితాలో ‘బ్లాంక్’ ఎంచుకోండి. ఆ తర్వాత పవర్ సెట్టింగుల్లోకి వెళ్ళి, పది నిమిషాలకు తెర ఆరిపోయేలా పెట్టుకోండి.