పొగాకులోని మందు శరీరమును ఎట్లు లోబరచుకొనును?

మన పల్లెలలో 'మందు' అను మాటకు అర్థములు మూడు. వైద్యుడిచ్చునది మందు, పైరుపై చల్లునది మందు, దుకాణములో సీసాలకెత్తి అమ్మునదియు మందే. మాట ఒక్కటియైనను వస్తువులు వేరని మనము సర్దుకొనుచుందుము. కాని ఈ మూడు పనులను తానొక్కటియే చేయు పదార్థము ఒకటి కలదు. అది పొగాకులోని నికోటిను. పొగాకు కాడలను నానవేసి ఆ నీటిని పేనుబంకపై చల్లుట మన రైతులెరిగిన పనియే. నికోటిను సల్ఫేటు అను పేర ఒకప్పుడది పురుగుమందుగా విక్రయింపబడినది. చుట్ట, బీడీ మానదలచినవారికి వైద్యులు కొలత ప్రకారము ఇచ్చు నమలుడు బిళ్లలలో ఉన్నదియు నికోటినే. రచ్చబండపై కూర్చుండి ముట్టించు బీడీలో ఉన్నదియు అదే.

పంచాయతీ సభ్యులకు ఈ సంగతి ఏల తెలిసియుండవలెనో చెప్పెదను. గ్రామములో పొగాకు ప్రస్తావన వచ్చినపుడెల్ల చర్చ రెండు త్రోవలలో పోవును. కొందరు అది చెడు నడత అందురు. మరికొందరు తాతముత్తాతల నాటి అలవాటు, ఎవరికేమి నష్టమందురు. ఈ రెండు మాటలలోను శరీరము ప్రసక్తి లేదు. మానలేనివాడు మొండివాడని నిందించుటయు, మానుట మానకపోవుట అతని యిష్టమని ఊరకుండుటయు ఆ ప్రసక్తి లేకపోవుటవలననే కలుగుచున్నవి.

పొగాకు మొక్క నికోటినును మనకొరకు తయారుచేయుట లేదు. అది వేళ్లలో పుట్టి ఆకులకెక్కును. ఆకును తినవచ్చిన పురుగుల నరములను చెరచి మొక్కను కాపాడును. పూత వేళ తల త్రుంచినచో ఆకులో ఘాటు హెచ్చునని పొగాకు రైతులందరు ఎరుగుదురు. ఆ ఘాటులో ముఖ్యభాగము నికోటినే. 1560 ప్రాంతమున పోర్చుగల్లులో ఫ్రాన్సు రాయబారిగా ఉండి పొగాకును తన దేశమునకు పంపిన జాన్ నికో పేరిట ఆ పేరు వచ్చినది. 1828లో జర్మనీలో పోసెల్ట్, రైమన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనిని ఆకునుండి వేరుచేసిరి.

ఇక శరీరములో ఇది చేయు పని. ఒక నరము మరియొక నరమునకు కబురు పంపునపుడు రెండింటి నడుమనున్న సన్నని సందులోనికి కొంత రసాయనమును విడుచును. అవతలి నరముపై ఆ రసాయనమును అందుకొను స్థానములుండును. వీనిని గ్రాహకములందురు. అట్లు కబుర్లను మోయు రసాయనములలో ఎసిటైల్‌కోలిన్ ఒకటి. నికోటిను కొంతమేరకు దానిని పోలియుండుటచే, దానికై ఏర్పడిన గ్రాహకములలో కొన్నింటిలో తాను పోయి కూర్చుండును. ఇంటివారి గొంతు అనుకరించి తలుపు తీయించుకొన్న పరాయివానివంటి దిది. నరము నిజమైన కబురే వచ్చినదనుకొని పని మొదలుపెట్టును. మూత్రపిండములపైనున్న చిన్న గ్రంథులు ఎడ్రినలిన్ విడుచును. గుండె వేగముగా కొట్టుకొనును, రక్తపుపోటు హెచ్చును, చర్మములోని సన్నని రక్తనాళములు ముడుచుకొనును, ఆకలి మందగించును. మెదడులో డోపమిన్ అను మరియొక రసాయనము ఊరి, 'ఇది బాగున్నది, మరల కావలెను' అను గుర్తును ఆ పనికి తగిలించును. శరీరమును ఇట్లు తట్టిలేపు పదార్థములను ఉత్తేజకము లందురు.

కాఫీ, టీలలోని కెఫీనుకూడ ఉత్తేజకమే గదా, దానికి లేని తప్పు దీనికేల అని ఎవరైన అడుగవచ్చును. కెఫీను పని వేరు. మనము మేల్కొనియున్నంతసేపు మెదడులో అడినోసిన్ అను పదార్థము పేరుకొనుచుండును. అది హెచ్చిన కొలది నిద్ర వచ్చును. కెఫీను దాని చోటులో తాను కూర్చుండి దానికి తావులేకుండ చేయును. అలసట పోలేదు, అలసట వార్త మాత్రము చేరలేదు. దీనికిని శరీరము అలవాటుపడును. ఉదయపు కాఫీ తప్పిననాడు తలనొప్పి వచ్చుట అందువలననే. కాని ఆ తలనొప్పి కొద్ది దినములలో పోవును. కాఫీ త్రాగువాని ఊపిరితిత్తులలోనికి పొగ పోదు.

నికోటిను ఎంత త్వరగా మెదడును చేరునను దానిపై దాని పట్టు ఆధారపడియుండును. ఊపిరితిత్తులలోనికి పీల్చిన పొగనుండి పది ఇరువది సెకండ్లలో అది మెదడును చేరును. ఒక సిగరెట్టులో సుమారు 10 మిల్లీగ్రాముల నికోటినున్నను శరీరము గ్రహించునది ఒకటి ఒకటిన్నర మిల్లీగ్రాములే, అంతమాత్రము చాలును. చుట్ట త్రాగు పెద్దలు, తాము పొగను లోనికి పీల్చమని, నోటిలో ఉంచి విడుతుమని చెప్పుచుందురు. ఆ మాట నిజమేకాని ఆ ధైర్యము సరికాదు. సిగరెట్టు పొగ ఆమ్లగుణము గలది, నోటిచర్మము దానిలోని నికోటినును అంతగా గ్రహింపదు. చుట్టపొగ క్షారగుణము గలది, దానిలోనిది బుగ్గలనుండియే రక్తములోనికి పోవును. ఖైనీ నలుపునపుడు సున్నము కలుపుటలోని కిటుకుకూడ ఇదియే. ఏ రసాయనశాస్త్రమును చదువకయే మనవారు ఈ సంగతి కనిపెట్టిరి! బీడీ చిన్నదని తేలికగా చూడరాదు. తునికాకులోనికి గాలి చొరదు గనుక అది ఆరిపోకుండ మాటిమాటికి పీల్చవలెను. పొగలో నికోటినును తారును సిగరెట్టుకన్న హెచ్చు.

మొదటి చుట్ట త్రాగిన దినము ఎవరికిని మరపురాదు. తల తిరుగును, చెమటలు పట్టును, వాంతి యగును. అదే మనిషి కొన్ని వారములకు దానినే హాయిగా త్రాగును. శరీరము బలపడినదని అతడనుకొనును. జరిగినది వేరు. మాటిమాటికి దొంగ కబుర్లు వచ్చుటచే గ్రాహకములు మొద్దుబారి పలుకుట మానినవి. ఆ లోటును పూడ్చుకొనుటకు మెదడు మరికొన్ని గ్రాహకములను ఏర్పరచుకొన్నది. ఇట్లు మునుపటి మోతాదు మునుపటి ఫలితమును ఈయకపోవుటను వైద్యులు టాలరెన్సు అందురు; మనము అలవడుట అందము. రెండు బీడీలు కట్టయగుట ఈ మార్గముననే.

నికోటిను రక్తములో నిలుచునది కొద్ది కాలమే. సుమారు రెండు గంటలకొకసారి దాని పాలు సగమగును. రాత్రి నిద్రలో చాలవరకు పోవును. తెల్లవారుసరికి మొద్దుబారిన గ్రాహకములు మరల మేల్కొని, సంఖ్యలోను హెచ్చుగానుండి, అన్నియు ఒక్కసారిగా తమ పాలు అడుగును. చిరాకు, ఆత్రము, మనసు నిలువకపోవుట అప్పుడు కలుగును. ఉదయపు చుట్ట అంత రుచియగుటకు కారణమిదియే. నికోటిను గుండెను పరుగెత్తించునదియైనను, త్రాగువాడు 'మనసు కుదుటపడినది' అనుట ఇందువలననే. ఆ కలతను తెచ్చినది నిన్నటి చుట్ట; తీర్చినది నేటి చుట్ట. రేపటి కలతకు పత్రము వ్రాయించుకొన్నదియు నేటి చుట్టయే. వడ్డీ కట్టుటకు మరల అప్పుచేయు రైతు స్థితి సభ్యులకు నేను వివరింప నక్కరలేదు.

నేనును పదునాలుగేండ్లు సిగరెట్టు త్రాగినవాడను. ఆరోగ్య ప్రచార సభలో ప్రసంగించి, సభ ముగియకముందే జీపు చాటునకు పోయి ముట్టించిన దినములు కలవు. తెలియక కాదు. చెప్పిన మాట నమ్మకయు కాదు.

అలవడని శరీరము ఏమగునో చూడవలెనన్న ఆకు రెలుపు కాలములో పొగాకు చేలకు పోవలెను. ప్రకాశము, నెల్లూరు జిల్లాలలోను, గోదావరి ప్రాంతములోను ఆ దినములు మంచు కురియు దినములు. తడియాకులను చంకన పెట్టుకొని మోయు కూలీల చర్మమునుండి నికోటిను లోనికి పోవును. తలనొప్పి, తల తిరుగుట, వాంతులు, నీరసము కలుగును. ఎండదెబ్బయనియు, పరగడుపున పనికి వచ్చుటవలన అనియు భ్రమపడుట కలదు. పొగ త్రాగనివారికి, కొత్తగా పనిలో చేరినవారికి ఇది హెచ్చుగా వచ్చును. పొగాకు ముట్టని స్త్రీకి దానివలన వచ్చు జబ్బు ఇది! మంచు ఆరినపిదప పని మొదలుపెట్టుట, చేతులకు తొడుగులు, ఒడలు తడియకుండ కప్పు, తడిసిన బట్టలను వెంటనే మార్చుకొనుట, పని కాగానే సబ్బుతో కడుగుకొనుట, ఇవి చాలవరకు కాపాడును. పిల్లలను ఈ పనికి పంపరాదు. రైతులతోను మేస్త్రీలతోను మాటలాడి పని వేళను కొంచెము వెనుకకు జరిపించుట పంచాయతీకి సాధ్యమైన పనియే. కూలి తగ్గకుండ జరిపించుట కష్టము, చర్చింపవలసినది అదియే.

నికోటిను మనిషిని కట్టివేయు త్రాడు మాత్రమే. చంపునది హెచ్చుగా పొగలోని తారు, కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు, పొగాకులోనే యుండు ఇతర విషములు. త్రాడు ఉన్నందున మనిషి దినదినము వానియొద్దకు పోవును. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల తీరమున కొందరు స్త్రీలు నిప్పున్న కొనను నోటిలోపల పెట్టుకొని చుట్ట త్రాగుదురు. దీనిని అడ్డపొగ యందురు. ఆ వేడియు పొగయు అంగిలికి తగిలి, అక్కడ తెల్లని మచ్చలు, పుండ్లు ఏర్పడి కొందరికి పుట్టకురుపుగా, అనగా కాన్సరుగా మారును. మచ్చ దశలో కనిపెట్టినచో ప్రాణము దక్కు అవకాశము హెచ్చు. ఆ గ్రామములలో ఆరోగ్య కార్యకర్త నెలకొకసారియైన నోరు తెరిపించి, దీపము పెట్టి, అంగిలి చూచుట ఖర్చులేని పని.

చట్టము సంగతి క్లుప్తముగా చెప్పెదను. 2003 నాటి కేంద్రచట్టము ప్రకారము బహిరంగ స్థలములలో పొగ త్రాగరాదు. పంచాయతీ కార్యాలయమును అందులో చేరును. పదునెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదు. విద్యాలయమునకు నూరు గజములలోపల అమ్మకము కూడదు. 2015 నాటి బాలల న్యాయచట్టము బాలునికి పొగాకు ఇచ్చుటకు ఏడేండ్లవరకు కఠినశిక్ష విధించినది. చిన్నవయసున మెదడు ఇంకను ఎదుగుచుండును గనుక నికోటిను పట్టు అప్పుడు మరింత గట్టిగా బిగియును. 'కొట్టుకు పోయి చుట్టలు తెమ్ము' అని మనుమనికి చిల్లర ఇచ్చు తాత ఈ సంగతి ఎరుగడు.

మానుటను గూర్చి ఒక హెచ్చరిక ముందు చెప్పవలెను. ప్రతిదినము విస్తారముగా సారాయి త్రాగువానిని ఒక్కసారిగా మాన్పింపరాదు. శరీరము దానికి అలవడియుండుటచే వణకు, మూర్ఛలు, మతిభ్రమణము కలిగి ప్రాణాపాయము రావచ్చును. గదిలో పెట్టి తాళమువేసి మాన్పింతుమను బంధువులను సభ్యులు వారించి, వైద్యునియొద్దకు పంపవలెను. పొగాకు అట్లు కాదు. మానుట బాధాకరమే కాని మానుటవలన ప్రాణము పోదు.

ఆ బాధకు లెక్క కలదు. కొన్ని గంటలలో మొదలై, రెండు మూడు దినములకు శిఖరమునకు చేరి, మూడు నాలుగు వారములలో చాలవరకు తగ్గును. అదనముగా పెరిగిన గ్రాహకములు సుమారు మూడు నెలలలో తగ్గి మెదడు మామూలు స్థితికి వచ్చును. మరియొకవైపు లాభము వెంటనే మొదలగును. ఇరువది నిమిషములలో గుండె వేగము తగ్గును. ఒక యేడాదికి గుండెజబ్బు అపాయము త్రాగువానికున్న దానిలో సుమారు సగమునకు దిగును. నికోటిను బిళ్ల ఆ మందునే మెల్లగా, పొగ లేకుండ ఇచ్చి బాధను తగ్గించును. మోతాదు వైద్యుని అడిగి తీసికొనవలెను. 1800-11-2356 అను కేంద్రప్రభుత్వ సంఖ్యకు ఫోనుచేసి ఉచితముగా సలహా పొందవచ్చును. మొదటిమారే మానగలిగినవారు అరుదు. నేను నాలుగవమారు మానితిని.

మానిన మనిషి ఆ మూడు దినములు ఇంటిలో అందరిపై విసుగుకొనును, పంచాయతీ సమావేశమునకు వచ్చినచో అక్కడను విసుగుకొనును. అది అతని స్వభావము కాదు. ఖాళీగానున్న గ్రాహకముల గోల. తోటి సభ్యులు అతని యెదుట ముట్టింపకుండుటయే గాక, ఇంటిపన్ను బకాయిల విషయమును వచ్చే సమావేశమునకు వాయిదా వేయుట మంచిది.