రెయిడ్ కార్డు కూసినప్పుడు తెరిచే పేజీ

ధర్మవరం పట్టుచీర అంచు మీది నెమలి ఇప్పుడు చాలాసార్లు ముందు కంప్యూటర్లోనే పుడుతోంది. ఆ తర్వాతే అట్టలకు చిల్లులు కొట్టి జకార్డు మీదికి ఎక్కిస్తారు. అట్ట చిరిగినా ఫర్వాలేదు, ఫైలుంటే మళ్లీ కొట్టుకోవచ్చు. పెనుకొండ దగ్గర కియాకు విడిభాగాలిచ్చే షెడ్డులోనైనా, హిందూపురం తూముకుంటలో స్టాకు లెక్కలు రాసుకునే షెడ్డులోనైనా అంతే: వస్తువు పోతే తంటా పడొచ్చు, ఫైలు పోతే పని ఆగుతుంది. కొత్త సర్వరంటే ఖరీదు. రైలెక్కి బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోతే పాతది దొరుకుతుంది. దాంట్లో రెయిడ్ కార్డు కూడా ఉంటుంది. ఉండనిదల్లా ఆ కార్డుతో వచ్చిన పుస్తకం.

రెయిడ్ ఆలోచనను 1988లో బర్క్‌లీ నుంచి ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ఒక పత్రంగా రాశారు. ఖరీదైన ఒక్క పెద్ద డిస్కు బదులు చవక డిస్కులు కొన్ని కలిపి వాడుకుందాం, ఒకటి పోయినా డేటా నిలిచేలా చూసుకుందాం అన్నది సారం. లెక్క సులువే. ఒక డిస్కులో 5, ఇంకోదాంట్లో 7, మూడోదాంట్లో వాటి మొత్తం 12 రాసిపెడితే, ఏ ఒక్కటి పోయినా మిగతా రెండూ దాన్ని చెప్పేస్తాయి. రెయిడ్ 5 అనే రకం అసలు వాడేది కూడిక కాదు, బిట్ల మీద చేసే ఎక్సార్ అనే లెక్క. తర్కం మాత్రం ఇదే. నాలుగు టెరాబైట్ల డిస్కులు నాలుగు పెడితే 12 టెరాబైట్లు మనకు, నాలుగు భద్రతకు. పొరపాటున డిజైను ఫైలు డిలీట్ చేస్తే మాత్రం రెయిడ్ దాన్ని అంతే విధేయంగా చెరిపేస్తుంది.

ఈ లెక్కంతా కార్డే చేసుకుని, ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒకే డిస్కుగా కనబడుతుంది. మధ్యలో మాట మోసేది డ్రైవర్. చిక్కూ అక్కడే. లోపల ఒక డిస్కు చచ్చిన సంగతి కార్డుకు తెలుసు, సిస్టమ్‌కు తెలియదు, ఎందుకంటే ఫైళ్లు మామూలుగానే తెరుచుకుంటున్నాయి. కార్డును అడిగి తెలుసుకునే దారి డ్రైవర్‌లో లేకపోతే, రెండో డిస్కు పోయిన రోజున అందరికీ ఒకేసారి తెలుస్తుంది.

ఆ దారి వేయాలంటే కార్డు తయారీదారు పత్రాలివ్వాలి. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ బృందం అడాప్టెక్‌ను అడిగి అడిగి, రాకపోయేసరికి 2005లో ఆ కంపెనీ కార్డుల డ్రైవర్‌ను తమ మామూలు కెర్నల్ నుంచి తీసేసింది. అదే ఏడు నవంబరులో వచ్చిన 3.8 వెర్షన్లో మెగారెయిడ్ కార్డులతో మొదలుపెట్టి, బయోసీటీఎల్ అనే పనిముట్టు ఇచ్చింది. ఏ డిస్కు ఆన్‌లైన్, ఏది ఫెయిల్, ఎంతవరకు రీబిల్డ్ అయిందో అది చెబుతుంది. డిస్కు పోయినప్పుడు కార్డులో కూసే అలారం నోరు మూయించే ఆప్షను కూడా ఉంది. ఇక్కడ డాక్యుమెంట్ రాసేవాళ్లు రెండు పనులను విడదీసి చెప్పాలి: ఇప్పటి కూతను ఆపడం వేరు, అలారాన్నే తీసేయడం వేరు. రెండోది చేసినవాళ్లకు ఆఫీసు ప్రశాంతంగా ఉంటుంది, చాలా ప్రశాంతంగా.

డ్రైవర్ మాన్యువల్ పేజీలో నేను ముందు చూసేది ఏయే కార్డులకు పనిచేస్తుందన్న జాబితా. మెగారెయిడ్ మొదట ఏఎంఐ కంపెనీది; 2001లో ఎల్ఎస్ఐ కొంది; 2014లో ఎల్ఎస్ఐని అవాగో కొంది; 2016లో అవాగో బ్రాడ్‌కామ్‌ను కొని దాని పేరే పెట్టుకుంది. ఆ కుటుంబం చిప్పులున్న కార్డులనే డెల్ పెర్క్ పేరుతో అమ్మింది. ఎస్పీ రోడ్డులో కొన్న కార్డు మీద వీటిలో ఏ పేరైనా ఉండొచ్చు, స్టిక్కరే ఊడిపోయి ఉండొచ్చు. అందుకే చిప్పు పేరు రాయని జాబితా సగం జాబితా.

ఫ్రీబీఎస్‌డీ అనే మరో సిస్టమ్‌ది ఇంకో పాఠం. కొన్ని మెగారెయిడ్ కార్డులను ఎంఎఫ్ఐ, ఎంఆర్ఎస్ఏఎస్ అనే రెండు డ్రైవర్లూ నడపగలవు. ఊరుకుంటే పాతదైన ఎంఎఫ్ఐ పట్టుకుంటుంది; కొత్తది కావాలంటే బూట్ సెట్టింగ్‌లో ఒక లైను రాయాలి. రాసి రీబూట్ చేయగానే, నిన్నటిదాకా ఎంఎఫ్ఐడీ0 అనిపించుకున్న డిస్కు డీఏ0 అయిపోతుంది. బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కు వాడాలో రాసి ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో పాత పేరే ఉంటే సిస్టమ్ తన డిస్కు తనకే దొరక్క నిలబడిపోతుంది. డేటా భద్రంగానే ఉంటుంది, చూసేవాడి ప్రాణమే ఉండదు. పేజీలో ఈ పేరు మార్పును హెచ్చరికగా, సెట్టింగ్ లైను కంటే ముందే రాయాలని నా పట్టు. ఆ లైను కనబడగానే కాపీ చేసుకుని కిందికి చదవడం మానేసేవాళ్లే ఎక్కువ.

1971 నాటి మొదటి యూనిక్స్ మాన్యువల్లోనే లోపాలకంటూ ఒక శీర్షిక ఉంది. అమ్మకం బ్రోచర్లకు ఆ అలవాటు ఇంకా అబ్బలేదు. రెయిడ్ డ్రైవర్ పేజీలో ఆ శీర్షిక కింద కార్డు బ్యాటరీ సంగతి తప్పకుండా ఉండాలి. డిస్కు మీదికి వెళ్లకముందే 'రాసేశాను' అని కార్డు భద్రంగా చెప్పగలిగేది తన క్యాష్‌కు బ్యాటరీ అండ ఉన్నప్పుడే. పాత కార్డులో బ్యాటరీ పోతే, మామూలు సెట్టింగులతో అది ఆ పద్ధతి మానేసి, ప్రతిదీ డిస్కు మీద పడ్డాకే జవాబిస్తుంది. సర్వర్ ఉన్నట్టుండి నత్తనడక నడుస్తుంది. జనం డ్రైవర్‌ను తిట్టి, వెర్షను మార్చి, చివరికి ఏదో ఫోరంలో చూసి క్యాష్‌ను బలవంతంగా ఆన్ చేస్తారు. వేగం తిరిగొస్తుంది. ఆ తర్వాత కరెంటు పోతే, క్యాష్‌లో ఉండిపోయిన రాతలన్నీ దాంతోనే పోతాయి.