అంతర్జాల వీడియో – పౌర సంబంధాల అధికారులకు అవకాశం, పరీక్ష

పత్రికా ప్రకటనకు ఛాయాచిత్రాన్ని జతచేసి విలేఖరులకు పంపడంతో పౌర సంబంధాల అధికారి విధి చాలావరకు ముగిసే రోజులు ఉండేవి. అందులో ఎన్ని పంక్తులు అచ్చువేయాలో సంపాదకులు, ఎన్ని క్షణాలు చూపాలో టెలివిజన్ కేంద్రాలు నిర్ణయించేవి. 2005లో యూట్యూబ్ ప్రారంభమైన పిదప ఏ సంస్థ అయినా తన కార్యక్రమాన్ని ఆద్యంతం కోత లేకుండా ప్రజల ముందుంచే వీలు కలిగింది. అయితే ప్రత్యక్ష ప్రసారంలో వైఫల్యానికి కూడా కోత ఉండదు. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ (ఇస్రో) అనుభవం ఈ సంగతిని విశదపరుస్తున్నది.

2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రయాన్-2 ల్యాండర్ 'విక్రమ్' చంద్రునిపై దిగే ఘట్టాన్ని బెంగళూరు నియంత్రణ కేంద్రం నుండి ప్రత్యక్షంగా ప్రసారం చేశారు. చివరి నిమిషాలలో సంకేతాలు నిలిచిపోయాయి. శాస్త్రవేత్తల ముఖాలలోని ఆందోళనను దేశమంతా చూసింది. 2.1 కిలోమీటర్ల ఎత్తు వరకు అంతా సక్రమంగా సాగిందని, పిదప సంబంధాలు తెగిపోయాయని, సమాచారాన్ని విశ్లేషిస్తున్నామని నాటి ఇస్రో అధ్యక్షులు డాక్టర్ కె. శివన్ అక్కడి నుండే ప్రకటించారు. తెలిసినంత మేరకే చెప్పిన ఆ క్లుప్త ప్రకటన సంస్థ గౌరవాన్ని నిలిపింది. తరువాతి వారాలలో మాత్రం వివరాలు అరకొరగా వెలువడటంతో ఊహాగానాలకు తావు ఏర్పడింది. ల్యాండర్ వేగంగా నేలను తాకిందని నవంబరులో లోక్‌సభకు తెలియజేశారు.

శ్రీహరికోట నుండి 2023 జూలై 14న బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రునిపై దిగింది. ఇస్రో యూట్యూబ్ ప్రసారాన్ని ఒకే సమయంలో 80 లక్షల మందికి పైగా వీక్షించారు. వారు ప్రధానంగా చూసినవి నియంత్రణ కేంద్రం, కంప్యూటర్ ఊహాచిత్రం, నిర్ణీత మార్గం వెంట కదిలే ఒక గీత మాత్రమే. ల్యాండర్ కెమెరా తీసిన అవరోహణ దృశ్యాలను మరునాడు విడుదల చేశారు. ఖరీదైన చిత్రీకరణ లేకున్నా, ఏమి జరుగుతున్నదో వివరించే వ్యాఖ్యానం, ఫలితం ముందుగా తెలియని ఉత్కంఠ ప్రేక్షకులను కట్టిపడవేశాయి. ప్రారంభోత్సవ వేదికపై గంటసేపు సాగే పూలదండల కార్యక్రమానికి ఆ ఆకర్షణ ఉండదన్నది వేరే చెప్పనక్కరలేదు.

జిల్లా స్థాయిలో వరద సహాయ చర్యలనో, ప్రాజెక్టు గేట్ల ఎత్తివేతనో ప్రత్యక్షంగా చూపే అధికారికి ఇందులో నేర్చుకోదగినది ఎంతో ఉన్నది. కార్యక్రమం తలపెట్టినట్లు సాగకపోతే ఎవరు మాట్లాడాలో ముందుగానే నిర్ణయించుకోవాలి. ఆ క్షణంలో పై అధికారి అనుమతి కోసం ఫోను పట్టుకొని కూర్చుంటే ఆ ఖాళీని వదంతులు నింపుతాయి. తెరపై ఉన్నది వాస్తవ దృశ్యమా, ఊహాచిత్రమా అన్నది అక్కడే స్పష్టంగా రాయాలి. పాత వరద దృశ్యాలు కొత్తవిగా చలామణి అవుతున్న ఈ కాలంలో చిత్రీకరించిన తేదీ, స్థలం తప్పనిసరి. టెలివిజన్ విలేఖరులకు వ్యాఖ్యానం లేని దృశ్యాలను విడిగా ఇవ్వాలి. అంకెలు, పేర్లు, హోదాలతో కూడిన లిఖితపూర్వక ప్రకటనను వీడియోతో పాటే, అదే గంటలో పత్రికలకు అందజేయాలి.