భోగిపళ్లు నెత్తిన సరే, నోట్లోకి?

భోగినాడు సాయంత్రం ఐదేళ్లలోపు పిల్లల్ని పీట మీద కూర్చోబెట్టి నెత్తిన రేగిపళ్లు పోస్తాం. దిష్టి తీసిన పళ్లు తినకూడదు గనక ఊడ్చేస్తాం, అది సరే. బుట్టలో మిగిలినవైనా ఆ పిల్లల నోటికి అందుతున్నాయా అంటే అనుమానమే. పేరంటానికొచ్చిన పసివాళ్ల చేతుల్లో ఉండేవి చాక్లెట్లు, చిప్స్ పొట్లాలు. ఖమ్మం జిల్లా మధిర లాంటి ఊళ్లో ఇది మరీ విడ్డూరం. తూర్పున నూజివీడు మామిడి తోటలున్నాయి. ఎండాకాలం గట్ల మీది తాటిచెట్లు ముంజలిస్తాయి. భద్రాచలం అడవి వైపు వెళ్తే తునికి, మొర్రి, నేరేడు, సీతాఫలం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉంది. పప్పులో, ఆకుకూరలో ఉన్న ఇనుము ఒంటికి పట్టాలంటే విటమిన్ సి తోడు కావాలి. అది దండిగా ఉండేది మనం చిన్నచూపు చూసే పుల్లటి పళ్లలో, జామకాయలో. అన్నంతో పాటు సగం జామకాయ తినిపిస్తే ఆ పూటకు చాలినంత సి దొరుకుతుంది.

కాబట్టి ఇంట్లోనే పళ్లతో, కూరగాయలతో పిల్లలకు ఏదైనా చేసిపెట్టాలన్న ఆలోచన మంచిదే. చిక్కల్లా ‘ఇంట్లో చేసింది గనక ఆరోగ్యమే’ అన్న ధీమాతోనే. ఒక గ్లాసు రసానికి మూడు నాలుగు బత్తాయిలు పడతాయి. మూడేళ్ల పిల్ల అన్ని బత్తాయిలు ఒలుచుకుని తినలేదు, కానీ గ్లాసెడు రసం రెండు నిమిషాల్లో తాగేస్తుంది. పీచు వడకట్టులో ఉండిపోతుంది, తీపి కడుపులోకి పోతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ పండులో ఉన్న తీపిని ఒకలా, రసంలో, తేనెలో ఉన్న తీపిని మరోలా లెక్కగడుతుంది. రెండోదాన్ని పంచదారతో సమానంగా చూస్తుంది. రెండేళ్లు నిండని పిల్లలకు తీపి పానీయాలు పట్టొద్దనీ, అచ్చమైన పళ్లరసాన్ని కూడా తగ్గించాలనీ 2023లో చెప్పింది. ఏడాదిలోపు బిడ్డకైతే తేనె నాకించనే కూడదు, అందులో ఉండే ఒక సూక్ష్మజీవి విషం ప్రాణం మీదికి తేగలదు.

బెల్లం వేస్తే దోషం లేదు కదా అంటారు. బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే. కాస్త ఇనుము ఉన్నా, పిల్లవాడు తినే ముక్కలో అది లెక్కకు రాదు. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు సుమారు 1,360 కేలరీలు కావాలని మన పోషకాహార నిపుణుల లెక్క. అందులో ఇలా కలిపిన తీపి ఐదు శాతానికి మించకపోతే మేలంటే 17 గ్రాములు, సుమారు నాలుగు చెంచాలు. క్యారెట్ హల్వా ఒక కప్పు చాలు ఆ గీత దాటడానికి. క్యారెట్ పేరు చెప్పి పంచదార తినిపించడం మన వంటిళ్లలో ఎప్పటినుంచో సాగుతున్న మర్యాదైన మోసం.

తీపి పండులోంచే రావాలి, పండు పండులాగే నోటికి తగలాలి. ఇది కొత్త సంగతేం కాదు. అడవిలో ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. కండగల ఆ పువ్వు తనంతట తానే తియ్యన. ఏరి, ఎండబెట్టి, ఉడకబెట్టుకు తినడం ఆదివాసీల ఇళ్లలో మామూలే. ఆదిలాబాద్ వైపు ఉట్నూరులో మహిళలు సహకార సంఘంగా దాన్ని నూపప్పు, పల్లీలతో కలిపి లడ్డూలు కడుతున్నారు. మామిడి తాండ్రా ఆ కోవదే. బాగా పండిన రసాలు పిండి, గుజ్జును చాప మీద పలచగా అలికి ఎండబెడతారు. ఒక పొర ఆరితే దాని మీద మరో పొర. పండు మంచిదైతే పంచదార అక్కర్లేదు. అమ్మకానికి చేసేవాళ్లకు బరువు కావాలి గనక కలుపుతారు, ఇంట్లో మనకేం తొందర? అయితే తాండ్ర పళ్లకు అంటుకుంటుంది. రెండు వేళ్ల వెడల్పు ముక్క అన్నం తిన్న వెంటనే ఇచ్చి, నీళ్లు తాగించాలి. ఎండాకాలం పుచ్చకాయ గింజలు తీసి మెదిపి గడ్డకట్టిస్తే అదే పుల్ల ఐసు. కూరగాయల్లో ఉడికిన చిలగడదుంప, తియ్యగుమ్మడి దోసెపిండిలో కలిసిపోతాయి. రంగుతోపాటు తీపీ వస్తుంది.

ఇవన్నీ చేసే తీరికెవరికి అన్నది బలమైన అభ్యంతరం. మిరపకాయలు కోసే రోజుల్లో పొద్దున్నే పొలానికి వెళ్లి చీకటి పడ్డాక వచ్చే అమ్మను తాండ్ర పొయ్యమనడం అన్యాయం. కానీ జామకాయ కోయడానికి, మెత్తటి అరటిపండు మెదపడానికి పొయ్యి కూడా వెలిగించక్కర్లేదు. కష్టమైన పని ఏడాదికి రెండుసార్లు పెట్టుకుంటే చాలు, మాఘంలో రేగి వడియాలు, వేసవిలో తాండ్ర. ఇళ్లిళ్లు కలిసి చేసుకునే పనులే ఇవి, ఒక్కతే మోయాల్సినవి కావు. ఇక పిల్లలు తినరంటారా? కొత్త రుచిని పిల్లలు ఒప్పుకోవాలంటే ఎనిమిది పదిసార్లయినా ముందుపెట్టాలని పరిశోధనలు చెబుతున్నాయి. మనం రెండోసారికే ‘వీడికి పడదు’ అని తీర్పిచ్చేస్తాం. బతిమాలడం, బెదిరించడం మానేసి, పెద్దవాళ్లు ఎదురుగా కూర్చుని తింటే అదే అలవాటవుతుంది.

గింజల మాట మరవకూడదు. రేగి, నేరేడు, సీతాఫలం గింజలూ, పచ్చి క్యారెట్ ముక్కలూ, పల్లీలూ చిన్నపిల్లల గొంతుకు అడ్డం పడతాయి. పెద్దలు తినే రేగి వడియాలకైతే పచ్చిమిర్చి, జీలకర్ర, బెల్లం వేసి గింజతోపాటే దంచుతారు. చిన్నవాళ్ల వాటా ముందే విడిగా తీయాలి: పండిన రేగిపళ్లను కాసిన్ని నీళ్లలో ఉడికించి, చేత్తో పిసికి, జల్లెడలో వత్తితే గింజ పైన మిగిలి గుజ్జు కిందికి దిగుతుంది. చిటికెడు ఉప్పు, జీలకర్ర పొడి కలిపి రూపాయి బిళ్లంత వడియాలు పెట్టి, మీద పలచటి గుడ్డ కప్పి ఎండలో ఉంచాలి. పూర్తిగా ఎండాక చిదిమి ఇస్తే పులుపు నాలుకకు తగిలి మొహం చిట్లిస్తారు, మళ్లీ చెయ్యి చాపుతారు.